నేను దిద్దిన ఫిర్యాదు

ఈమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి మెమో కోసం రేకుపెట్టె వెతుకుతుంటే అడుగున ఒక ప్లాస్టిక్ కవరు దొరికిందట. అందులో ఎఫ్.ఐ.ఆర్. నకలు, దానికి జతచేసిన ఫిర్యాదు, కోర్టు తీర్పు ప్రతి ఉన్నాయి. వాటిని నా ముందు పెట్టి, ఫిర్యాదు కాగితం మీద వేలు పెట్టి అడిగింది.

"గీ కాయితాలల్ల నా పుస్తకాల ముచ్చట ఏడ లేదేంది చిన్నమ్మా?"

ఆ చేతిరాత నాదని తనకి తెలుసు. తెలిసే అడిగింది. నేనేదో చెప్పబోయి, టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

నేను అక్క అని పిలిచే ఆమెకీ నాకూ చుట్టరికం లేదు. 2016లో నేను హైదరాబాదులో మరో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి అద్దె ఇంట్లో ఉంటూ పిహెచ్.డి. చేస్తున్నాను. అక్క మాకు వంట చేసేది. మా అపార్ట్‌మెంట్లోనే ఇంకో రెండిళ్ళలో పని. మొదట్లో నన్ను 'మేడమ్' అనేది. ఆరునెలలకి 'చెల్లే' అయింది. నా పరిశోధన తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. చెప్పిన మాట ఎవరిది, రాసిన చెయ్యి ఎవరిది, మధ్యలో ఏం పోతుంది అని అధ్యాయాలకి అధ్యాయాలు రాస్తున్న రోజులవి. రాత్రి రాసిన సిద్ధాంతాన్ని పొద్దున నా చేత్తోనే తుంగలో తొక్కానని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఆ జూన్‌లో ఒకరోజు అక్క పనికి ఆలస్యంగా వచ్చింది. ఎడమ కన్ను కింద వాచి ఉంది. అడగకుండానే చెప్పింది. ఆ మాటలు నాకిప్పటికీ దాదాపు అలాగే గుర్తున్నాయి.

"రాత్రి తాగొచ్చి కొట్టిండు. కొట్టుడు కొత్త గాదు చెల్లే, పన్నెండేండ్ల సంది కొడ్తనే ఉన్నడు. నెల జీతం రాంగనే గుంజుకుంటడు. గని రాత్రి పిల్ల పుస్తకాలు నీళ్ళ పొయ్యిల ఏసిండు. అవ్వి కాలుతుంటె పిల్ల ఏడ్వలే. నిలబడి సూశింది. గప్పుడు నాకు భయమైంది."

పన్నెండేళ్ళ దెబ్బలకి వెళ్ళని పోలీస్ స్టేషన్‌కి ఆమె ఆ రోజు వెళ్దామంది. కారణం ఆ పుస్తకాలు. దెబ్బలు తన మీద పడ్డంతకాలం తనవి. పుస్తకాలు కాలినప్పుడు అది కూతురి బతుకు మీదికి వచ్చింది. ఇది అర్థం చేసుకోడానికి పిహెచ్.డి. అక్కర్లేదు. కానీ అర్థమైన దాన్ని కాగితం మీద పెట్టే దగ్గరికి వచ్చేసరికి నా చదువు నన్ను ఆదుకోలేదు.

స్టేషన్లో మమ్మల్ని ఎవరూ కసురుకోలేదు. ఈ మాట ముందే చెప్పాలి. పోలీసుల గురించి రాసేటప్పుడు మనకి చేతికి అందుబాటులో ఉండే కథ కసురుకునే కథే. ఆ రోజు ఏదో బందోబస్తు ఉండి సగంమంది అక్కడికి వెళ్ళారు. రైటర్ డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ అప్పటికి భోజనం చెయ్యలేదు. టిఫిన్ డబ్బా బల్లమీదే ఉంది. అక్కకి కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఆమె చెప్పేది సగం విని, తెల్లకాగితాలు నాకిచ్చి "రాయండి మేడమ్" అన్నాడు.

అలా చెయ్యకూడదని నాకప్పుడు తెలీదు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ ప్రకారం, నేరం గురించి ఎవరైనా నోటితో చెబితే దాన్ని స్టేషన్ అధికారి తానే రాసుకోవాలి, లేదా తన పర్యవేక్షణలో రాయించాలి. రాసింది చదివి వినిపించాలి. అప్పుడు సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. చదువురాని మనిషి కూడా తన నోటితో, తన మాటతో చట్టం గడప తొక్కవచ్చని ఆ సెక్షన్ అర్థం. ఆచరణలో అది 'రాసుకు రండి'గా మారిపోయింది. రాసివ్వడానికి ఎవరో ఒక చదువుకున్న మనిషి కావాలి. ఆ రోజు ఆ మనిషిని నేను.

నేను మొదట రాసింది దాదాపు అక్క చెప్పినట్టే ఉంది. రైటర్ చదివి, పెన్నుతో పుస్తకాల వాక్యం దగ్గర ఆగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. "పుస్తకాలు కాల్చిండు అంటే ఏ సెక్షన్ల పెట్టమంటరు మేడమ్? ఇది రాస్తే కుటుంబ తగాదా అంటరు. కేసు నిలబడాలె గదా. కట్నం సంగతి ఏమన్న ఉందా?"

అక్క లేదంది. పెళ్ళప్పుడు ఇచ్చింది ఇచ్చారు, తర్వాత అడగలేదు. జీతం మాత్రం గుంజుకునేవాడు. "అదే మరి, డబ్బులడిగిండు గదా" అన్నాడు రైటర్. నేనూ తలూపాను. నిజానికి నేను అతని కంటే ఒక అడుగు ముందుకేశాను. జీతం లాక్కోవడమంటే స్త్రీ శ్రమని దోచుకోవడమే కదా, కట్నమూ దోపిడీయే కదా, రెండూ ఒకే పితృస్వామ్యం చేసే పనులే కదా అని మనసులో సమర్థించుకున్నాను. ఎంత అడిగాడో అంకె ఉండాలన్నాడు. నెలకింత, ఏడాదికింత, ఇన్నేళ్ళు అని వేళ్ళమీద లెక్కేసి, సుమారుగా రెండు లక్షలు అన్నాను.

రెండో కాగితం మీద ఇలా తయారైంది: సదరు నా భర్త వివాహమైన నాటి నుండి చెడు వ్యసనములకు బానిసై, రెండు లక్షల రూపాయలు అదనపు కట్నము తెమ్మని నన్ను శారీరకముగాను, మానసికముగాను హింసించుచున్నాడు. కావున తమరు దయతో విచారించి చట్టరీత్యా తగు చర్య తీసుకొనగలరని ప్రార్థన.

ఈ భాష నేనెక్కడా నేర్చుకోలేదు. జిల్లా పేపర్లు చదివి పెరిగిన ఎవరికైనా ఇది తెలియకుండానే వచ్చేస్తుంది. మాది కృష్ణా జిల్లా. అక్కది నల్లగొండ వైపు పల్లె. 'గుంజుకుంటడు' అన్న మాట నా చేతిలో 'తెమ్మని హింసించుచున్నాడు' అయింది. తెలంగాణ భాషని పుస్తకాల భాష ఎలా మింగేసిందో సెమినార్లలో మాట్లాడే నేను, ఆ మధ్యాహ్నం అదే పని చేశాను. పుస్తకాల వాక్యం రెండో కాగితంలో లేదు. అక్క సంతకం పెట్టింది. నేను చదివి వినిపించానా? వినిపించాననే అనుకున్నాను చాలాకాలం. జ్ఞాపకాన్ని గట్టిగా నిలదీస్తే, "అంతా రాశానక్కా" అని మాత్రమే అన్నట్టు గుర్తు.

తర్వాత జరిగింది చాలామందికి తెలిసిన కథే. ముందు కౌన్సెలింగ్ అన్నారు. మూడు సిట్టింగులు అయ్యాయి. 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు, విచారణకు స్వీకరించదగిన నేరం అని తెలిస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టితీరాలని చెబుతూనే, కొన్ని రకాల వ్యవహారాల్లో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చంది. భార్యాభర్తల వివాదాలు అందులో ఒకటి. ఆగస్టులో ఎఫ్.ఐ.ఆర్. అయింది. 498ఎ, దాంతోపాటు వరకట్న నిషేధ చట్టం. మరుసటి ఏడాది చార్జిషీటు వేశారు. సాక్షులుగా అక్క తల్లినీ, పక్కింటామెనీ చూపించారు. ఆ వాంగ్మూలాల నకళ్ళు చాలా తర్వాత చూశాను. అక్కవి, తల్లివి, పక్కింటామెవి, మూడింటిలోనూ అవే వాక్యాలు, అదే వరసలో ఉన్నాయి. 'హింసించుచున్నాడు' అన్న మాటలో ఒకే అక్షరదోషం మూడు చోట్లా ఉంది. పాఠపరిష్కరణ చదువుకున్నదాన్ని కదా, ఒక ప్రతి నుంచి మిగతావి పుట్టాయని తేల్చడానికి నాకు నిమిషం పట్టలేదు. ఆ మూలప్రతి నేను రాసిన కాగితమే.

పొయ్యి దగ్గర నిలబడి చూసిన పదేళ్ళ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

2019 నవంబరులో అక్కని కోర్టులో విచారించారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రతివాది వకీలు గొంతు పెంచలేదు. ఫిర్యాదు చేతిలో పట్టుకుని నింపాదిగా అడిగాడు.

"రెండు లక్షలు అదనపు కట్నం అడిగాడని రాశారు. ఎప్పుడడిగాడు?"

అక్క ప్రమాణం చేసింది. నిజమే చెప్పింది. "కట్నం అడగలే సారూ. అడుగుడెందుకు, నా జీతమే గుంజుకునేటోడు."

"మరి ఇందులో ఇలా ఎందుకుంది? ఎవరు రాశారు?"

"మా చెల్లె. సదువుకున్నామె."

"అంటే చదువుకున్నవాళ్ళు రాసిన దానికి మీరు సంతకం పెట్టారు."

"పెట్టిన."

తర్వాత ఆమె పుస్తకాల గురించి చెప్పబోయింది. ఆ విషయం ఫిర్యాదులోనూ లేదు, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలోనూ లేదు, ఇప్పుడు కొత్తగా కల్పిస్తున్నారన్నాడు వకీలు. చట్టం దృష్టిలో అది సరైన ప్రశ్నే. ముందు చెప్పిందానికీ కోర్టులో చెప్పేదానికీ తేడా ఉంటే సాక్షిని ఆ తేడా మీద నిలదీసే హక్కు నిందితుడికి ఉంది. ఉండాలి కూడా. అది లేకపోతే పోలీసులు ఏది రాస్తే అదే నిజమైపోతుంది. ఆ హక్కు మీద నాకు కోపం లేదు. ఆ తేడాని తయారుచేసింది నేను. కేసు మొత్తంలో నిజమైన ఒకే ఒక్క వాక్యం కల్పన అయింది. కల్పించిన వాక్యం రికార్డయింది. జడ్జిగారు ఆమె తెలుగును ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే టైపిస్టు కొట్టాడు. దాని కిందా ఆమె సంతకం చేసింది.

2022 ఫిబ్రవరిలో కేసు కొట్టేశారు. ఆరోపణని ప్రాసిక్యూషన్ సందేహానికి అతీతంగా రుజువు చేయలేకపోయిందని తీర్పు. అంటే ఆమె అబద్ధం చెప్పిందని కాదు. కానీ ఊళ్ళో ఆ తేడా ఎవరికి కావాలి? "జడ్జిగారే చెప్పిండు, అబద్ధపు కేసని" అన్నారు అత్తింటివాళ్ళు. పెద్దమనుషుల్లో పిల్ల చదువు ఖర్చు మాట ఎత్తనివ్వలేదు. అక్క నాతో ఒకేసారి ఈ విషయం మాట్లాడింది. గిన్నెలు కడుగుతూ, నావైపు తిరగకుండా.

"నువ్వు మంచిగనే రాసినవు చెల్లే. గని అది నాది గాదు."

ఆ తర్వాతే నేను 498ఎ సెక్షన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన విషయం నా జీవితంలో మరొకటి లేదు. ఆ సెక్షన్లో క్రూరత్వానికి రెండు వివరణలున్నాయి. కట్నం లాంటి డిమాండ్ల కోసం వేధించడం రెండోది. మొదటిదానికి కట్నంతో పనే లేదు. స్త్రీని ఆత్మహత్యకి పురికొల్పే, లేదా ఆమె ప్రాణానికో, అవయవాలకో, శారీరక మానసిక ఆరోగ్యానికో తీవ్ర హాని కలిగించే ఏ ఉద్దేశపూర్వక ప్రవర్తన అయినా క్రూరత్వమే. పన్నెండేళ్ళ దెబ్బలు అందులో పెట్టి వాదించవచ్చు. వాచిన కంటికి మామూలు గాయం సెక్షన్ ఉంది. లాక్కున్న జీతానికి, పిల్ల రక్షణకి 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ఉంది. అది ఆర్థిక హింసని పేరుపెట్టి గుర్తించింది. అక్క చెప్పింది చెప్పినట్టు రాసి ఉంటే కేసు గెలిచేదని నేననను. కోర్టులో ఆమె తన మాట మీద తాను నిలబడి ఉండేది. అది మాత్రం నిశ్చయంగా చెప్పగలను.

'కేసు నిలబడాలె గదా' అన్న రైటర్ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. అతను లంచం అడగలేదు. అతనికి అక్క మీద జాలి ఉంది. ఆ జాలితోనే నిజానికి కాస్త పదును పెట్టమన్నాడు. నేనూ జాలితోనే, ఇంకాస్త రాజకీయ అవగాహనతో, పదును పెట్టాను. పోలీసు నీతి గురించి మాట్లాడేటప్పుడు మనం లంచం, లాకప్ దెబ్బలు, అధికారపక్షానికి ఊడిగం గురించి మాట్లాడతాం. అవన్నీ ఉన్నాయి. కానీ వాటన్నిటికంటే గుర్తుపట్టడం కష్టమైన తప్పు మరొకటుంది. మంచి జరగడం కోసం నిజాన్ని దిద్దడం. దోషి ఎవరో మనకి ముందే తెలుసు కాబట్టి రుజువుని దానికి తగ్గట్టు సర్దడం. చేసేవాళ్ళకి అది తప్పులా అనిపించదు. సేవలా అనిపిస్తుంది.

దిద్దే అలవాటు ఎప్పుడూ స్త్రీల పక్షాన పని చెయ్యదని మన చరిత్రే చెబుతుంది. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డుపడిన ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, దెబ్బలకి చనిపోయాడు. ఊరు అట్టుడికింది. తర్వాత పోలీసులు చేసిన పని, ఆమె జీవితాన్ని తమ భాషలో తిరగరాయడం. ఆమె పెళ్ళి పెళ్ళే కాదన్నారు, ఆమె వ్యభిచారి అన్నారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆ కథని నమ్మలేదు, పోలీసులే దోషులంది. అయినా కేసు కర్ణాటకకి బదిలీ అయి, 1981లో రాయచూరు కోర్టులో అందరూ విడుదలయ్యారు. అదే 1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో, 1972లో స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టే అని పోలీసులని విడిచిపెట్టింది. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ 1979లో రాసిన బహిరంగ లేఖ, దాని వెంట వచ్చిన స్త్రీల ఉద్యమం 1983లో చట్టాన్ని మార్పించాయి. 498ఎ కూడా ఆ సంవత్సరమే వచ్చింది. అంటే నేను తేలిగ్గా వాడేసిన ఆ సెక్షన్ వెనక ఎంతమంది స్త్రీల పోరాటం ఉందో చూడండి.

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో పదకొండుమంది కోందు ఆదివాసీ స్త్రీలు, కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. వాళ్ళు చెప్పింది మావోయిస్టులు చెప్పించిందేనని పోలీసులు కథ కట్టారు. పదహారేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులని విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని, గుర్తింపు పరేడ్ కూడా పెట్టలేదని తప్పుపట్టింది. ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. నష్టం జరిగిందని పరిహారం ఉంది, చేసినవాళ్ళు మాత్రం లేరు. మొదటి పేజీ సరిగా రాయకపోతే చివరి పేజీ ఇలాగే ఉంటుంది.

అక్క సాక్ష్యం చెప్పిన కొద్దిరోజులకే, 2019 నవంబరు 27న, శంషాబాద్ దగ్గర యువ వెటర్నరీ డాక్టరు మీద అత్యాచారం, హత్య జరిగాయి. ఆ రాత్రి ఆ తల్లిదండ్రులు స్టేషన్‌కి వెళితే, ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కి వెళ్ళండని తిప్పారు. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, పట్టుబడిన నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ముగ్గురిని కాల్చినప్పుడు స్కూలు పిల్లగా నేను విన్న ఈలలే మళ్ళీ విన్నాను. మా డిపార్ట్‌మెంటులో ఎవరో స్వీట్లు పంచారు. అక్క కూడా "మంచిగైంది" అంది. నాకు మాత్రం ఒక్క క్షణమైనా ఊరటగా అనిపించలేదా? అనిపించింది. అబద్ధమెందుకు? కోర్టులో వకీలు నవ్వుముఖం చూసి వచ్చి నెలైనా కాలేదు. కోర్టులంటేనే మంటగా ఉంది.

కానీ ఆ ఊరటే నాకు భయం పుట్టించింది. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారు, ఆత్మరక్షణకి మేం కాల్చాం అని పోలీసులు చెప్పిన కథ. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. అప్పటికి అక్క కేసు కొట్టేసి మూడు నెలలు. ఆ కథని నమ్మలేమని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసులని విచారించాలంది. నేను కాగితం మీద చేసిన పనికీ అక్కడ తుపాకీతో జరిగిన పనికీ పోలికేంటని మీరు అడగవచ్చు. పరిమాణంలో పోలిక లేదు. కానీ రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. దోషి ఎవరో మనకి తెలుసు. విచారణ అనవసరమైన ఆలస్యం. కథ మనం రాసేద్దాం. అలా రాసేసిన కథలో ఆ డాక్టరు కుటుంబానికి కూడా దక్కనిదొకటుంది. ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యంతో, ప్రశ్నతో, జవాబుతో తేలే అవకాశం. పరిధి కాదని తిప్పిపంపిన ఆ మొదటి గంట గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ పూలకింద పడిపోయాయి.

ఇక రెండో నష్టం గురించి కూడా చెప్పాలి. 498ఎ దుర్వినియోగం అవుతోందన్న వాదన మనందరికీ తెలుసు. కొట్టేసిన ప్రతి కేసునీ తప్పుడు కేసుగా లెక్కేసి చూపిస్తారు. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పులో యాంత్రికంగా అరెస్టులు చెయ్యొద్దని కోర్టు చెప్పింది. నిందితుడి స్వేచ్ఛ దృష్ట్యా ఆ మాట సబబే. కానీ ఆ వాదన చేసేవాళ్ళకి అక్క కేసు ఇప్పుడొక అంకె. నిజంగా దెబ్బలు తిన్న స్త్రీ 'తప్పుడు కేసు' జాబితాలో చేరింది. చేర్చింది అత్తింటివాళ్ళు కాదు, స్త్రీవాదిని.

మరి రైటర్లదే తప్పా? దర్యాప్తు చేసేవాళ్ళు వేరు, బందోబస్తు చేసేవాళ్ళు వేరు ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎందుకో ఆ రోజు ఆ టిఫిన్ డబ్బా చూస్తే అర్థమవుతుంది. ఊరేగింపుకి కాపలా కాసి, రాత్రి గస్తీ తిరిగి, మధ్యలో ఒక స్త్రీ పన్నెండేళ్ళ జీవితాన్ని అరగంటలో విని రాయమంటే ఎవరైనా అచ్చుపడిన వాక్యాలనే ఆశ్రయిస్తారు. ఇది అతనికి సాకు కాదు. వినడం కూడా పోలీసు పనే అని, దానికి సమయం, శిక్షణ, మనుషులు కావాలని అడగాల్సిన బాధ్యత మనదని చెప్పడం. మనం ఇన్నాళ్ళూ ఎక్కువగా శిక్షలు పెంచమని అడిగాం. విన్నది విన్నట్టు రాయమని అంత గట్టిగా అడగలేదు.

2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు, మూడురోజుల్లో సంతకం చెయ్యాలి. నోటితో చెప్పింది రాసుకుని చదివి వినిపించాలన్న పాత నియమం అలాగే ఉంది. సాక్షి వాంగ్మూలాన్ని ఆడియో వీడియోలో రికార్డు చేసే వీలు పాత చట్టంలోనే 2009 చివరి నుంచి ఉంది. నియమాల కొరత లేదు. ఆ నియమం ఉందని ఆ బల్లముందు కూర్చున్న స్త్రీకీ, ఆమె పక్కన కూర్చున్న మనకీ తెలియాలి.

వృత్తిరీత్యా వకీలైన రావిశాస్త్రి 'మాయ' కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కుర్రవకీలుకి కోర్టుల సంగతీ పోలీసుల సంగతీ తన భాషలో విడమరిచి చెబుతుంది. ఆ కథ చాలాసార్లు పాఠం చెప్పాను. ఆమె మాటల్లో వ్యంగ్యం, యాస, వర్గస్పృహ అని బోర్డు మీద రాశాను. ఇప్పుడు చెబుతున్నప్పుడు ఇంకోటి కనిపిస్తోంది. ఆ కథలో వకీలు చాలాసేపు ఊరుకుని వింటాడు. నేను అక్క విషయంలో చెయ్యనిది అదే.

ఈ మూడేళ్ళలో నలుగురైదుగురు స్త్రీల వెంట స్టేషన్‌కి వెళ్ళాను. ఇప్పుడు నాకొక పద్ధతి ఉంది. ముందు నోటితో చెప్పించి, మీరే రాసుకోండి అని రైటర్‌ని మర్యాదగా అడుగుతాను. కుదరదంటే నేను రాస్తాను, వాళ్ళ మాటల్లోనే. సెక్షన్ పేరు రాయను, అది పోలీసుల పని. చదివి వినిపిస్తాను. 'ఇది నీ మాటేనా' అని అడుగుతాను. కాదంటే కొట్టేసి మళ్ళీ రాస్తాను. ఒకామె మూడుసార్లు కొట్టించింది. కాగితం మాసిపోయిందని రైటర్ విసుక్కున్నాడు. తీసుకున్నాడు మాత్రం.

ఆ ఆదివారం టీ తీసుకుని బయటికొచ్చేసరికి అక్క కూతురు ఫిర్యాదుని మళ్ళీ చదువుతోంది. నేను రాసిందే, నేనే తీసేశానని చెప్పాను. ఎందుకని అడిగింది. కేసు నిలబడాలని అన్నాను. తను నవ్వలేదు, కోపగించుకోలేదు. "నిలబడలే గదా" అంది.

తర్వాత నేను ఒక తెల్లకాగితం తీసి, ఆ రాత్రి సంగతి చెప్పమన్నాను. ఇప్పుడది ఏ స్టేషన్‌కీ వెళ్ళదని ఇద్దరికీ తెలుసు. తెలుగు వాచకం, లెక్కల పుస్తకం, రెండు నోటుబుక్కులు, బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కథల పుస్తకం ఒకటి అని చెప్పింది. లైబ్రరీ పుస్తకం పోయినందుకు టీచరు జరిమానా కట్టమంటే, వాళ్ళమ్మ మా ఇంట్లో జీతంలో ముందుగా యాభై రూపాయలు అడిగి తీసుకుందట. ఆ యాభై ఇచ్చింది నేనే. ఎందుకని అప్పుడూ నేను అడగలేదు.

రాసి, చదివి వినిపించాను. "లెక్కల పుస్తకం సగమే కాలింది, అది రాయి" అంది. రాశాను.